పెద్దమ్మ మంచం పక్కన వీనార్‌టెర్టా

విన్నిపెగ్, 1956 మార్చి 4

అమ్మకు,

ఐస్‌లాండు నుంచి కెనడాకు పడవెక్కి వచ్చిన మన పూర్వీకులందరికీ, వాళ్ల వీనార్‌టెర్టా కేకులోని ఏడు పొరలకూ విడివిడిగా క్షమాపణలు చెప్పుకుని ఈ కార్డు రాస్తున్నాను. నేను కులాసా. పెద్దమ్మ కాదు. వారం గడవడం కష్టమంటున్నాడు డాక్టరు.

నువ్వు పంపిన కేకు నిన్న ఆసుపత్రికి పట్టుకెళ్లాను. మన హెక్లా దీవిలో కేకు మీద ఐసింగ్ పూయరని, పెద్దమ్మ అత్తవారి ఊరు ఆర్బోర్గ్‌లో పూస్తారని మీ అక్కచెల్లెళ్లు పదకొండేళ్లుగా మాట్లాడుకోని సంగతి లోకవిదితం. ఆవిడ డబ్బా మూత తీసి, తెల్లటి పూత చూసింది.

"ఒరేయ్ హ్యాల్టీ, ఆ మొండిది ఐసింగ్ పూసిందట్రా! చచ్చేదాని మీద జాలి కాబోలు. రమ్మను దాన్ని, తిట్టనులే" అంది. ఒక్క ముక్క తిని ఏడ్చింది. నవ్వించబోయాను, నవ్వలేదు.

గురువారానికల్లా సరస్సు మీద మంచు దాటి బస్సెక్కు. నా ఉన్ని మేజోళ్లు మరిచిపోకు. నాన్న వలలు తీశాడా? కుక్క కాలు నయమైందా? చెల్లికి ముద్దులు.

నీ హ్యాల్టీ

వచ్చాక ఐసింగ్ మాట ఎత్తకు. హాస్టలు గదిలో వెన్న కత్తితో పూసింది నేను. నువ్వే పూశావని చెప్పాను.