చెంచా అదే, ఉప్పు వేరు

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కిడ్నీ రోగులున్న ఇళ్ళకు ఇచ్చిన ఉప్పు చెంచాలను తక్షణమే వెనక్కి తీసుకొనుట గురించి.

మా ఊరి బాప్టిస్టు సంఘ పెద్దనైన కృపానిధి అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నిరుడు మా ఆరోగ్య కేంద్రం వారు రోగులున్న ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ చెంచా, గోడకు అతికించుకొను కాగితం ఒకటి ఇచ్చియున్నారు. అంచు సమంగా చెంచాడు ఉప్పు మూడు గ్రాములనీ, రోగికి రోజంతటికీ అంతేననీ అందులో కలదు. నా భార్య రూబీ డయాలసిస్ మీద ఉన్నందున ఇంట వంట నాదే. ఆ చెంచాను ప్రభువు బల్ల మీది గిన్నెంత జాగ్రత్తగా వాడుచు వచ్చితిని.

2. ఆనాడు వారు తూచినది నౌపడ కల్లుప్పు. ఊరంతా వాడేదీ అదే. తుపానుకు ఉప్పు మళ్ళు మునిగిన దగ్గర్నుంచి కొట్లో ప్యాకెట్ల మెత్తని ఉప్పే దొరుకుచున్నది. కల్లుకీ కల్లుకీ నడుమ ఉండే ఖాళీ దీనికి లేదు గనుక అదే చెంచాలో ఎక్కువ పడుతుంది. ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

3. మొదట రూబీ "కూర ఉప్పగున్నాది, ఏటి సేసినావు?" అన్నది. "సెంచాతోనే ఏసినాను, నోర్మూసుకొని తిను" అన్నాను. తరువాత కాళ్ళకు నీరు వచ్చినది. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడదు. గోడకు ఆనుకొని కూర్చునే కునుకు తీస్తున్నది.

4. వీధి చివర ఉండే కిడ్నీ రోగి కూర్మయ్య కూడా ఇలాగే కూర్చుని నిద్రపోయేవాడు. మొన్న తెల్లవారి లేవలేదు. పెద్ద జబ్బు కదా అని అందరూ సరిపెట్టుకున్నారు. శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుగుకొనునప్పుడు చూస్తిని, సోములు పాదం మీద చెప్పు వారు అచ్చు లోతుగా దిగి ఉన్నది. సోములూ రోగే, వాళ్ళింట్లోనూ ఆ చెంచాయే. నాకు భయం వేసింది.

5. బంగారం తూచే జగన్నాధం గారి కాటా మీద రెండు ఉప్పులూ ఆ చెంచాతోనే తూయించితిని. కల్లుప్పు మూడు చూపింది. మెత్తని ఉప్పు అయిదుకు కొంచెం తక్కువ. ఆయన మళ్ళీ తూచినా అంతే వచ్చింది, కాటా తుడిచేశారు.

6. ఆరోగ్య కేంద్రంలో చెప్పగా "తూచే ఇచ్చాం, చెంచా సరైనదే" అన్నారు. నిజమే, కాదని నేనూ అనను. దండోరా వేయించమంటే పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు.

కావున తమరు ఇంటింటికీ మనిషిని పంపి, ఆ చెంచాలు తీయించి, మెత్తని ఉప్పుకు వేరే కొలత ఇప్పించగలరు. కాగితం మీద సర్కారు ముద్ర ఉన్నది, నా మాట మీద లేదు. రూబీ నాకు కావాలి సార్. ఇంతకన్నా పద్ధతిగా రాయడం నాకు చేతకాదు.

ఆలస్యం లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు, రూబీ భర్త,
కృపానిధి

మరొక మనవి: ఇది మడుస్తుండగా పక్కింటి ఈశ్వరి వచ్చింది. దాని పెనిమిటికి ఈ వారమే డయాలసిస్ మొదలైంది. "మా సెంచా ఇరిగిపోనాది మావా, మీది ఓపాలి ఇయ్యి" అంది. సంగతంతా చెప్పి, ఇవ్వనన్నాను. "డాకటేరు బాబు రాసింది తప్పేటి? సెంచా కాడ కూడా ఇంత పిసినారితనమేటి మావా" అని, సోములు ఇంటికి పోయి తెచ్చుకుంది. వాళ్ళ కూర ఉడుకుతోంది. వాసన ఇక్కడికి వస్తోంది.