మూడో చరణం దాకా ఎవరూ వినలేదు

సిల్వా, నార్త్ కరోలినా
ఏప్రిల్ 9

నెల్డా వదినకి,

నీ ముందు తలెత్తుకోలేని నీ ఆడపడుచు రాస్తున్నది. చివరిదాకా చదువు, అంతకంటే అడగను.

మొన్న శనివారం అట్లాంటాలో ఖరీదైన స్పీకర్ల ప్రదర్శన ఉంటే వెళ్లాను. రికార్డింగ్ బాగా కుదిరిన జానపద, కంట్రీ ఆల్బమ్‌లంటూ ఇంటర్నెట్‌లో జాబితాలు రాసుకునేవాళ్లున్నారు కదా, వాటిలో నాది ఆరోదో ఏడోదో ఉంటుంది. పదేళ్లు బార్లలో గొంతు చించుకున్నా రాని పేరు ఇలా వచ్చింది. హోటల్లో గదికో జత స్పీకర్లు, వాటి ముందు కళ్లు మూసుకుని కూర్చున్న మగవాళ్లు. మూడు గదుల్లో నా నాలుగో పాటే మోగుతోంది.

"ఆ బాస్ తీగ వినండి సార్, చేత్తో పట్టుకోవచ్చు. ఆవిడ పెదాలు విడిపడ్డం కూడా వినపడుతుంది," అంటున్నాడు అమ్మే ఆయన. నిమిషం కాగానే ఆపేశాడు. అన్ని గదుల్లోనూ అంతే. ఉండబట్టలేక అడిగాను.

"పాట మొత్తం వెయ్యరా?"

"తర్వాత కూడా ఇవే వాయిద్యాలమ్మా. కొత్తగా వినడానికేముంది?"

"మూడో చరణం ఉంది కదా."

"ఉందా?" అని నవ్వాడు. "ఇంతకీ మీరు కొనేవాళ్లా, ఊరికే చూసిపోయేవాళ్లా?"

వదినా, ఆ మూడో చరణం నీకోసం రాసింది. ఎనిమిదేళ్ల కిందట ఆ ఆదివారం మధ్యాహ్నం మా కచేరీ అయ్యేసరికి వేడ్ అన్న బాగా తాగి ఉన్నాడు. అందుకే ట్రక్కు తాళాలు నేను లాక్కున్నాను. అన్న పక్క సీట్లో నిద్రపోయాడు. నా పాట నేనే వినాలన్న మోజుతో సీడీ పెట్టడానికి వంగాను, తలెత్తేసరికి మలుపు. ఇద్దరం ట్రక్కులోంచి ఎగిరి రోడ్డు మీద పడ్డాం, అన్న మళ్లీ లేవలేదు. ట్రక్కు అన్నది, తాగింది అన్న, కాబట్టి నడిపింది కూడా అన్నేనని పోలీసులు అనుకున్నారు. ఆస్పత్రిలో నన్ను అడిగితే అవునని తలూపాను. ఆ తర్వాత చర్చిలో జనం నీతో మాటలు తగ్గించినా, బడిలో టెస్సీని తాగుబోతు కూతురని ఏడిపించినా, నోరు మూసుకుని చూశాను.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక పాటలో పెట్టాను. రెండేళ్ల కిందట రికార్డు నీకు పంపి, నెల ఆగి ఫోన్ చేశాను. "రికార్డింగ్ చాలా బాగుంది కొరిన్," అన్నావు, అంతే. ఆ చరణం దాకా నువ్వు వినలేదనుకుని లోపల సంతోషించాను కూడా, అంత నీచురాలిని. మొన్న ఆ గదిలో బుద్ధి వచ్చింది. ట్రక్కు నడిపింది నేనే. పోలీసులకూ చెబుతాను. తిట్టు, కొట్టు, ఒక్కసారి ఇంటికి రానివ్వు.

నీ క్షమకు తగని,
కొరిన్

*

కాంటన్
ఏప్రిల్ 15

కొరిన్,

ప్రియమైన అని రాసి కొట్టేశాను.

నీ రికార్డు వచ్చిన రోజే విన్నాను, వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ, చివరిదాకా. టెస్సీ బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. మూడో చరణం అవగానే పెన్సిల్ కింద పెట్టి, "అయితే నడిపింది నాన్న కాదా అమ్మా?" అంది. అప్పటికి దానికి పదమూడేళ్లు. మా పాత డొక్కు ప్లేయర్లో కూడా ప్రతి మాటా అర్థమైంది.

నువ్వు వస్తావని చూశాం. చర్చి నుంచి వచ్చేటప్పుడు ప్రతి ఆదివారం అది మలుపులోనే మెడ చాచి, వాకిట్లో నీ కారుందేమోనని చూసేది. నెల తర్వాత నువ్వు ఫోన్ చేసి అడిగిందేమిటో గుర్తుందా? "ఎలా వచ్చింది వదినా?" అని. ఇంకేమనను?

రికార్డు అట్ట వెనక మీ రికార్డింగ్ ఇంజనీరు గొప్పగా రాసుకున్నాడు. ఒకటే మైకు, ఎక్కడా అతుకుల్లేవు, నాలుగో పాట మాత్రం పద్నాలుగోసారికి కుదిరిందట. అది చదివి చాలా రోజులు నిద్ర పట్టలేదు నాకు. మా ఆయన్ని చంపానని పద్నాలుగుసార్లు చెప్పావన్నమాట, మా గుమ్మానికి ముప్పై మైళ్ల దూరంలో. మొదటిసారి పాడినప్పుడు ఏం చెడింది కొరిన్? గొంతు వణికిందా? ఏడుపొచ్చి ఆగిపోయావా? దాన్ని చెరిపేసి, శ్రుతి కుదిరింది ఏరి మాకు పంపావు.

పోలీసులకు చెబితే చెప్పు, టెస్సీకి ఆ నిజం దక్కాల్సిందే. ఇక్కడికి మాత్రం రాకు. ఆ మొదటిసారిది, ఆ పాడైపోయినది తెచ్చి ఉంటే తలుపు తీసేదాన్ని.

వేడ్ భార్య,
నెల్డా