రెండో గీత దాటిన క్యాను

మే 6
మూడు రోజులుగా చూస్తున్నాను. ఆయన ఒంటికి పోయి వచ్చాక బాత్రూంలో నురుగు. నీళ్లు కొట్టినా పోదు. మొహం కూడా ఉబ్బు. పెళ్లయి ఏడాది నిండలేదు, మొగుణ్ణి ఇది ఎట్లా అడగడం...

మే 8
అత్తకు చెప్పాను. వేడి చేసిందట. ఈతకల్లు తాపింది.

మే 11
కల్లుతో ఏమీ కాలేదు. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. రోజుకు రెండుసార్లే పోతున్నాడు. నీళ్లు తాగడు — కార్ఖానాలో నడిచే మరమగ్గాలు, ఆ సాంచాలు వదిలి బయటికి పోతే దారం తెగుతుందని. మోకాళ్లకు రోజూ నొప్పి గోళీ. రెండేళ్లుగా.

మే 13
జగిత్యాల పోయాం, కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి. ఆయన వేడి అన్నాడు. "వేడి గాదు తమ్మీ, ప్రొటీన్ పోతుంది. నురుగు గందుకే" అంది. నొప్పి గోళీలు బంద్. కొలత గీతలున్న పెద్ద క్యాను ఇచ్చారు. పొద్దున మొదటిసారి ఒంటికి వచ్చింది పారబోసి, అక్కడి నుంచి మర్నాటి పొద్దుటి దాకా ప్రతి చుక్కా అందులోనే. ఎంత వస్తుందో, ఎంత ప్రొటీన్ పోతుందో చూసి మందు రాస్తారట.
ఇంటికి వస్తూ సిరిసిల్ల బస్సులో దాన్ని కొంగు కింద దాచుకున్నాను.

మే 14
ఆయన పనికి పోలేదు. సాయంత్రమైనా మొదటి గీతకు రాలేదు. క్యాను దగ్గరే తిరుగుతున్నానని అత్త ఎగతాళి — "పెండ్లిల పెరుగు క్యానా, గట్ల కావలి కాస్తున్నవు?"

మే 15
పొద్దున చూస్తే రెండో గీత దాటింది! మూత బిగిస్తుంటే పక్కన చెంబు. తడిగా. ఆయన మొహం తిప్పుకున్నాడు. అడిగాను.
"గింతే ఉంటే డాక్టరమ్మ సాంచాలు బంద్ జేయమంటది. జర నీళ్లు గలిపిన. నువ్వు ఊకో."
ఊకున్నాను. క్యాను ఇచ్చి వచ్చాం.

మే 17
రిపోర్టు. డాక్టరమ్మ కాగితం చూస్తుంది, ఆయన కాళ్లు చూస్తుంది. కాలి మీద వేలు నొక్కింది. గుంట పడి అట్లాగే ఉంది. ఒంటికి మంచిగనే వస్తుంది గదా, మరి గీ వాపేంది అని అడుగుతోంది. ఆయన నా వైపే చూస్తున్నాడు.
"నీళ్లు గలిపిండు మేడం."
నా మాట సగం కొంగులోనే ఉండిపోయింది. ఏమన్నవమ్మా అంది. మళ్లీ చెప్పాను, గట్టిగా. బయట బెంచీ మీది వాళ్లు కూడా విన్నారు.
రక్తం తీసుకున్నారు. ఇంకో క్యాను. బస్సులో ఆయన వేరే సీట్లో కూర్చున్నాడు.

మే 18
మొదటిది పారబోయమన్నాను. పారబోశాడు.
చెంబు తీసి నా దగ్గర పెట్టుకున్నాను.
మధ్యాహ్నం అయింది. ఆయన రెండుసార్లు క్యాను పట్టుకుని పోయి వచ్చాడు. క్యాను అడుగు ఇంకా తడవలేదు.