సగం చెల్లెలు

డెబ్రెట్సెన్, శనివారం

ఎటెల్క పిన్నికి,

ఇక్కడ నేను కులాసా. పాప పుట్టిందని నాన్న రాసిన కార్డు అందింది. దాని అడుగున నువ్వు చేర్చిన మాట, "దీన్ని నీదనుకుంటావో లేదో" అన్నది చదివి, ఏం రాయాలో తోచక ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

హాస్టల్లో అందరికీ గసగసాల రొట్టె పంచబోతే నా తోటి పిల్ల యొలాన్ అడ్డుపడింది. "తల్లి వేరు కదే, సగం చెల్లెలేగా. రొట్టె కూడా సగమే పెట్టు," అంది. అందరూ నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అటుగా వెళుతున్న భాష మాస్టారు కెలెమెన్ గారు అది విన్నారు. ఆ తర్వాత క్లాసులో నల్లబల్ల మీద 'టెష్ట్‌వేర్' అని రాసి, మధ్యలో గీత గీశారు.

"తోబుట్టువుకి మన హంగేరియన్ మాట ఇదే కదా. టెష్ట్ అంటే ఒళ్లు, వేర్ అంటే నెత్తురు. రెండూ కలిపి మనవాళ్లు ఒక్క మాట చేశారు. యొలాన్, సగం అన్నావుగా. ఏది తీసెయ్యమంటావు తల్లీ, ఒళ్లా, నెత్తురా?" అన్నారు.

సాయంత్రం యొలాన్ తనే వచ్చి రొట్టె అడిగి తింది.

నా ఊలు మేజోళ్లు పంపించు. నాన్నకి దగ్గు తగ్గిందా? కుంటి బాతు గుడ్లు పెడుతోందా? పాపకి జుట్టుందా?

చర్చిలో పేరు పెట్టడం నేను వచ్చేదాకా ఆపించు. నీళ్లు చల్లేటప్పుడు పాపని నేనే ఎత్తుకుంటాను. పాస్టరుగారు ఎవరని అడిగితే, అక్కనని నేనే చెబుతాను.

నాన్నకి నమస్కారాలు, పాపకి ముద్దులు.

నీ కూతురు,
ఇబోయ