నెత్తళ్ల చెయ్యి

యారాడ,
12 నవంబరు 2024.

తమ్ముడు కన్నబాబుకు గంగమ్మ తల్లి చల్లని చూపు నీ బోటు మీద ఉండాలని మొక్కుతూ నీ అప్ప గురువమ్మ రాయునది. నీ ఫోను సముద్రంలో పలకటం లేదు. మీకు ఐసు తెస్తున్న మన కోటి వాళ్ల బోటులో ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఆదివారం పొద్దున్న రోజూలాగే దీపం పెట్టి, ఇసకలో నెత్తళ్ల చేపలు ఆరబోస్తున్నాను. నీ కూతురు సత్యశ్రీ గుమ్మంలో కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటోంది. కాకుల్ని తోలవే అంటే, వాటికీ కడుపుంటాది గదత్తా అని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగింది. నడుం పట్టుకుంది.

ఆటోలో సీతమ్మధార ఆసుపత్రికి తీసుకెళ్లాం. పురిటిగదిలోకి తోడు ఒక్కరే రావాలంది నర్సు ఆశాజ్యోతి. నడుం రుద్దటం, పూల వాసన నూనె రాయటం తోడొచ్చినవాళ్ల పనేనట. నొప్పి పోదుగానీ ఓర్చుకోడానికి సాయమట. సత్యశ్రీ నా చెయ్యి పట్టుకుంది. నీ వియ్యపురాలు సన్యాసమ్మ అడ్డొచ్చింది. మొగుడు పోయినదాని చెయ్యి తొలి కానుపుకేటి, పిల్లకి తల్లి నేదా అంది. బోటెక్కేముందు నువ్వూ అదే చెప్పి వెళ్లావని అందరికీ వినిపించింది.

మీ ఆవిడ అనూరాధ లోపలికెళ్లింది. కాసేపటికే కళ్లు తిరుగుతున్నాయంటూ గోడ పట్టుకుని బయటికొచ్చింది.

నేను ఎవర్నీ అడగలేదు. చేతులు కడుక్కుని వెళ్లాను. నొప్పి వచ్చినప్పుడల్లా నర్సు చూపించినట్టు అరచేత్తో నడుం కింద గట్టిగా అదిమాను. మనసులో గంగమ్మ తల్లి పేరే. ఎంత నూనె రాసినా నీ చెయ్యి నెత్తళ్ల వాసనే అత్తా అంది సత్యశ్రీ, ఏడుస్తూ నవ్వుతూ. తీసెయ్యనా అన్నాను. తీస్తే సంపేత్తాను అంది.

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. ఈ పొద్దే ఇంటికొచ్చారు.

పుట్టిన సాయంత్రమే ఆసుపత్రి వరండాలో మనవాళ్లంతా కూర్చుని తేల్చారు. బిడ్డకు నీళ్లు పోసే పురుడు నాడు నేను ఇంట్లో ఉండకూడదట. బిడ్డని ముట్టకూడదట. అందరూ చెప్పటం అయ్యాక లేచి నా మాట చెప్పాను. ఉంటాను. బిడ్డకు నూనె రాసి నీళ్లు నేనే పోస్తాను. నువ్వొచ్చి కాదన్నా ఇదే మాట.

ఇట్లు,
నీ అప్ప
గురువమ్మ

ఇంకో మాట: అనూరాధకు ఆ రోజు కళ్లు తిరగలేదు. ఉండమ్మా, మీ గురువమ్మత్తని పంపిత్తాను అని కూతురి చెవిలో చెప్పి బయటికొచ్చిందట. ఇది నీకు రాయనన్నాను. రాయాల్సిందేనని నా పక్కనే కూర్చుంది. కోపం వస్తే ముందు తనతో మాట్లాడమంటోంది.