బురుజు ఎటు పడాలి

రొక్కాఫోస్కా కొండ మీద నుంచి

నన్ను ఎత్తుకుని పెంచిన దియమాంతే అక్కకు,

నీ తమ్ముడు మొహం చెల్లక రాస్తున్నాడు. ఈ ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లూ నా చెయ్యి ముద్దుపెట్టుకుంటున్నారు. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇక్కడి కోట దొర ఓడిన పక్షాన పోరాడి చచ్చిపోయాడు. ఓడినవాడి బురుజు కూల్చెయ్యాలని నగరసభ తీర్పు చెప్పింది. ఊరూరా వాక్యం చెప్పుకు తిరిగేవాణ్ణి, ఇక నేను ఊరుకుంటానా! అది దేవుణ్ణి ధిక్కరించి కట్టిన బాబెలు గోపురమని సంత వీధిలో నిప్పులు కక్కాను. పనివాళ్లు పునాది రాళ్లు లాగేసి వాటి చోట దుంగలు నిలబెట్టారు. దుంగలకు నిప్పు పెడితే, ఏ వైపువి ముందు కాలితే బురుజు ఆ వైపుకు ఒరుగుతుంది.

"అయ్యగారూ, ఎప్పటిలా లోయలోకేగా?" అన్నాడు తాపీ మేస్త్రీ బెనింకాసా.

"లోయలో పడితే ఎవడికి కనిపిస్తుందిరా? కోట ముంగిట్లో పడాలి! గర్వం ఎలా కూలుతుందో ఊరంతా చూడాలి!"

జనం హోరెత్తిపోయారు. ఆ హోరు నాకెంత తీపో నీకు తెలుసు కదక్కా.

అప్పుడు దొర భార్య ఎర్మెలీనా నన్ను మెట్ల చాటుకు పిలిచింది. "ఒక్క మాట. ఈ ముంగిలి కిందంతా బోలు. వాననీటి తొట్టి."

"ఊరంతా తాగే ఈ ముంగిట్లో బావిది ఊట అంటున్నారే?"

"అనుకోనిచ్చాం. ముట్టడికి వచ్చినవాడికి తెలిస్తే విషం కలుపుతాడని మా ఇంటివాళ్లు బయట ఎవరికీ చెప్పరు. కప్పుల మీద పడ్డ వానంతా గోడల్లోని తూముల్లోంచి అందులోకే దిగుతుంది. బురుజు పోతే పోయింది, లోయవైపు పడెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

ఇల్లు కాపాడుకోవడానికి కట్టుకథ అల్లిందనుకున్నాను. కాదు, ఇక్కడ కూడా బొంకుతున్నాను. సగానికి పైగా నమ్మాను. నమ్మి కూడా, ఆ హోరు వదులుకోలేక, "పాపిష్ఠి రాణీ యెజెబెలూ, తప్పుకో!" అని అరిచాను.

బురుజు ముంగిట్లో పడింది. మర్నాడు బావిలోంచి చేద బురదతో వచ్చింది, ఆ మర్నాడు ఖాళీగా వచ్చింది. దొరసాని ఊటను శపించిందని జనం అంటున్నారు. వచ్చే ఆదివారం ఆమెను కోట బయటికి గెంటుతారట. నిజం తెలిసినవాణ్ణి నేను. నోరు పెగలడం లేదు.

ఈ ఉత్తరం ఉన్ని బళ్లవాడి చేత పంపుతున్నాను.

సిగ్గుతో,
నీ రనూచ్చో

*

నా బంగారు అక్కా,

నీ జవాబు అందింది. "ఊరివాళ్ల పాపాలకు అంతేసి తెరుచుకునే నోరు నీ పాపానికి మూతపడిందేంరా?" అన్నావు. చెవులు మండిపోయాయి.

ఆదివారం గుడిలో మోకరించి అంతా చెప్పేశాను. దావీదు రాజు తన తప్పు ఒప్పుకున్నట్టే, "ఆమె హెచ్చరించింది, నేనే వినలేదు. దోషం నాది" అన్నాను.

అంతలో రొట్టెలు కాల్చే మింగార్దా కళ్లొత్తుకుంటూ లేచింది. "చూశారా మన అయ్యగారి మనసు! ఆ మంత్రగత్తె పాపం కూడా తన నెత్తినేసుకుంటున్నాడు!"

"కాదమ్మా, నిజంగానే నేను..."

"అదిగో, ఇంకా వెనకేసుకొస్తున్నాడు!"

నా అంగీ అంచులు కత్తిరించి పవిత్రమని దాచుకున్నారక్కా! మూట చంకన పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఎర్మెలీనా నవ్వింది. "బాగుందయ్యా. నన్ను తిట్టినప్పుడూ నీకే మొక్కారు, నా తరఫున మాట్లాడినా నీకే మొక్కుతున్నారు."

ఆమెను బయటికి తోసి గొర్రెల దొడ్డిలో పడేశారు. నేను చేసిన మేలు అదీ.

రనూచ్చో

*

అక్కకు,

వీళ్లు ఊరుకుంటే రాళ్లే కేకలు వేస్తాయని ప్రభువు అన్నాడు కదా. నా మాట పనికిరాలేదు, ఇక రాళ్లే దిక్కనుకున్నాను. పొద్దున్నే ముంగిట్లోకెళ్లి బురుజు రాళ్లు ఎత్తి పక్కకు మొయ్యడం మొదలుపెట్టాను. అయ్యగారు మోస్తుంటే మేం చూస్తూ కూర్చుంటామా అని ఊరంతా వచ్చారు, పాటలు పాడుకుంటూ.

చాలా రాళ్లు తీశాక గచ్చు బయటపడింది, నిలువునా పగిలి. బెనింకాసా అందులోకి కాగడా దించాడు. కింద మన గుడి కంటే పెద్ద చావడి! వరసగా స్తంభాలు, వంపు కప్పు, గోడలకు ఎర్రటి సున్నపు పూత. నీళ్లు నిలిచిన చార మనిషి తల కంటే ఎత్తున ఉంది. నడిమధ్యలో, అడుగు చీల్చుకుని, బురుజు రాళ్లు కూర్చున్నాయి.

పాట ఆగిపోయింది.

"లోయలోకేగా అని నేనడిగాను," అన్నాడు బెనింకాసా, తనలో తాను అనుకుంటున్నట్టు.

మింగార్దా నా వైపు తిరిగింది. "ఆవిడ నీకు నిజంగానే చెప్పిందా?"

"చెప్పింది."

"నిప్పు పెట్టకముందే?"

"ముందే."

నా మొహాన ఉమ్మింది. తుడుచుకోలేదక్కా.

ఎర్మెలీనాను పిలుచుకురావడానికి వెళ్లినవాళ్లలో ఒక్కడూ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. నేను మూట సర్దుకుని గుమ్మం దాటబోతుంటే ఆమె ఎదురైంది. మోకరించబోయాను.

"లే. నీ మోకాళ్లతో నాకేం పని? ఎక్కడికి బయల్దేరావు?"

"మా అక్క దగ్గరికి."

"అక్కడివాళ్లకు ప్రసంగాలు చెప్పడానికా? ఇక్కడ ఊరు దాహంతో చస్తోంది. కావడి అందుకో."

అందుకే రాలేకపోతున్నాను. వాగు నుంచి కొండెక్కేసరికి ఊపిరాడదు. దారిలో వాక్యం చెప్పమని అడిగేవాడూ లేడు. నిన్న మింగార్దా గుమ్మం ముందు నిలబడి నీళ్లమ్మా అని పిలిచాను. తలుపు తియ్యలేదు. ఇవాళ వెళ్లేసరికి, తలుపు వేసే ఉంది కానీ, బయట ఒక ఖాళీ కడవ పెట్టి ఉంది.

నింపి వచ్చాను.

నీ తమ్ముడు,
రనూచ్చో