సెకన్లు చూపే గడియారం

కడప, 2006 నవంబరు, గురువారం

పోయిన వారం ఒకరోజు పొద్దున మామూలుగానే మొదలైంది. వాకిలి ఊడ్చి, ఉగ్గాని టిఫినుకు బొరుగులు నానబెడుతుంటే తమ్ముడు సుబ్బు మూర్ఛ వచ్చి వంటింట్లో పడ్డాడు. ఎప్పటిలాగే వాడి తల ఒళ్లో పెట్టుకుని నరసింహ స్తోత్రం చదివాను. రెండుసార్లు పూర్తయ్యేసరికి తగ్గింది. ఒకసారి చదవడానికి నిమిషంన్నర, అందుకే మూడు నిమిషాలని డాక్టరుకు చెప్పాను. ఏడాదిగా ఆయన నా లెక్క మీదే మందు ఇస్తున్నాడు.

"ఏడు నిమిషాలు పట్టింది వదినా, గోడ గడియారం చూసినా," అంది సుబ్బు పెళ్లాం, నా మరదలు.

అక్షరం తప్పితే మళ్లీ మొదటినుంచి చదవడం నా అలవాటు. తప్పినవి ఏనాడూ లెక్కపెట్టలేదు. మందు చాలక వాడికి ఈమధ్య పెరిగిన మతిమరుపు నా వల్లనేనేమో, స్వామీ...

ఈరోజు స్టాప్‌వాచ్ ఉన్న, బ్యాటరీ సెల్లుతో నడిచే చేతి వాచీ కోసం మరదలూ నేనూ పోయాం. పెద్ద డయలుది ఒకటి చూపించమన్నాను.

"అది మగోళ్లది గదమ్మా, ఆడోళ్లవి శానా ఉండాయి," అన్నాడు కొట్టతను.

"సోకుకు కాదప్పా. గిన్నెలు తోమినా నీళ్లు దిగగూడదు, అద్దాలు లేకున్నా ముల్లు కనపడాల."

చవకలో నల్ల డయలుది తీసుకున్నాను.

సాయంత్రం అందరం కూర్చుని తీర్మానించుకున్నాం. వాచీ పగలూ రాత్రీ నా చేతికే ఉండాలి. మూర్ఛ రాగానే బొత్తాం నొక్కాలి. ఐదు నిమిషాలు దాటితే, స్తోత్రం సగంలో ఉన్నా ఆపేసి ఆసుపత్రికి ఆటో పిలవాలి.

సరేనన్నాను.